అడవి పల్లె విచారణ చరిత్ర పుస్తకం: నారాయణగూడ ప్రెస్సు పనితనం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల్లో ఉన్న మా స్వగ్రామ కతోలిక విచారణ (పారిష్) చరిత్రను పుస్తకంగా తేవాలని సంఘపెద్దలు నిర్ణయించి, హైదరాబాదులో ఉంటున్న నాకు ముద్రణ బాధ్యత అప్పగించారు. స్కానింగు, డీటీపీ, ముద్రణ, బైండింగు అన్నీ నారాయణగూడలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుకే ఇచ్చాము. ఇలాంటి పని తలపెట్టిన ఇతర విచారణలవారి కోసం ఈ సమీక్ష.

పాత జ్ఞానస్నాన (బాప్తిస్మ) రిజిస్టర్లను వారు చూసుకున్న తీరు మెచ్చదగినది. అట్టలు ఊడి, చెదలు తిన్న ఆ పుస్తకాలను స్కానరు అద్దంపై బోర్లించి నొక్కకుండా, పైనుంచి కెమెరాతో ఒక్కొక్క పుట చిత్రించారు. అయితే మొదటి విడతలో అంచులు కత్తిరించేశారు. జ్ఞానస్నానం పొందిన వ్యక్తికి తరువాతి కాలంలో జరిగిన భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం వంటి వివరాలను విచారణ గురువులు (ఫాదర్లు) ఆ నమోదు పక్కనే రాస్తారు కనుక, ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగిందో తెలిపే సమాచారం చాలావరకు ఆ అంచుల్లోనే ఉంటుంది. ఈ సంగతి వివరించగానే అదనపు రుసుము అడగకుండా మళ్ళీ తీసి ఇచ్చారు.

అసలు చిక్కు ప్రూఫుల దగ్గర వచ్చింది. నిజాం కాలంలో వరంగల్ జిల్లాలో ఉన్న మా ఊరు 1953లో ఖమ్మం జిల్లాలోకి, 2016లో ఇప్పటి జిల్లాలోకి వచ్చింది; గోదావరి దాటితే భద్రాచలం వైపు పల్లెలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లావి. మేత్రాసనాలూ (బిషప్పు పాలనలోని డయాసిస్‌లు) అంతే: 1886లో హైదరాబాదు, 1952లో వరంగల్, 1988లో ఖమ్మం ఏర్పడ్డాయి. పాఠకులు తికమకపడతారన్న సదుద్దేశంతో ప్రెస్సువారు ఈ పేర్లన్నిటినీ నేటి పేర్లుగా మార్చేశారు. 1953కు ముందటి నమోదులో ఖమ్మం జిల్లా అని కనిపిస్తే, తెలిసిన పాఠకుడు రిజిస్టరునే శంకిస్తాడు! మా అభ్యంతరం విన్న తరువాత మూలంలోని పేర్లను యథాతథంగా ఉంచి, నేటి పేర్లను అడుగున చిన్న అక్షరాల్లో వేశారు.

యూనికోడ్‌లో ఇచ్చిన మా వ్యాసాలను డీటీపీలో వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు చెదిరిపోయాయి. తుది ప్రూఫులో కూడా కొన్ని మిగిలాయి. పూరిపాకగా ఉన్న తొలి గుడి ఫొటోకు నీలాకాశం అద్దడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మాప్లిథో కాగితం, అచ్చు బాగున్నాయి. అడవి తేమకు జిగురు నిలవదన్న అనుమానంతో కుట్టు బైండింగు కోరాము, అది గట్టిగా వచ్చింది. పదహారు పేజీలకు ఒక ఫారం కాబట్టి పేజీల సంఖ్యను ఆ లెక్కలోకి సర్దుకోమని ముందే చెప్పి మా ఖర్చు తగ్గించారు.

పెళ్ళిళ్ళ కాలంలో శుభలేఖల రద్దీ వల్ల వీరి పని ఆలస్యమవుతుంది; జూబిలీ తేదీ దగ్గరలో ఉన్నవారు ముందుగా మాట్లాడుకోవాలి. పాత రిజిస్టర్లలోని లాటిన్ నమోదులు చదవగలిగినవారు అక్కడ లేరు కనుక, ఆ భాగం ప్రూఫులను మీ విచారణ గురువులకు చూపించిన తరువాతే అచ్చుకు అనుమతి ఇవ్వండి.