మోటర్‌హోమ్ మానిఫోల్డ్‌కి ఉక్కు పొరల గాస్కెట్: కొన్నేళ్లు వాడాక

ఇంజిన్ హెడ్‌కీ మానిఫోల్డ్‌కీ (సిలిండర్ల పొగని కలిపి బయటికి పంపే గొట్టాల భాగం) మధ్య సందు మూసే ఈ గాస్కెట్ వేసి కొన్నేళ్లయింది. మానిఫోల్డ్ దగ్గర మళ్లీ పొగ లీకు రాలేదు. అలాగని మార్కులన్నీ గాస్కెట్‌కే వేస్తే అన్యాయం. సగానికి పైగా లేత్ షాపుకే వెయ్యాలి.

మాది పాత మినీ బస్సుని మార్పించి చేయించుకున్న మోటర్‌హోమ్. నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్, అల్యూమినియం హెడ్, దానికి పోత ఇనుము మానిఫోల్డ్. మంచాలు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అన్నీ ఎక్కాక బండి ఎప్పుడూ ఫుల్ లోడు మీదే ఉంటుంది. కోనసీమలో తిరిగినంతసేపూ ఇంజిన్‌కి కష్టమేమీ లేదు, నేలంతా బల్లపరుపే కదా. చిక్కంతా రాజమండ్రి దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడే. చిన్న గేర్లో అదేపనిగా లాగాక పైన ఆపి బానెట్ ఎత్తితే చీకట్లో మానిఫోల్డ్ ఎర్రగా కనిపించేది.

లక్షణం ఎప్పుడూ ఒకటే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు, ఇంజిన్ వేడెక్కాక మాయం. చాలామంది ట్యాపెట్లంటారు, అంటే వాల్వుల దగ్గర చప్పుడని. కానీ నాలుగో పోర్టు (సిలిండరు పొగ బయటికొచ్చే రంధ్రం) చుట్టూ నల్లటి మసి చార కనిపించిందంటే అది కచ్చితంగా మానిఫోల్డే. వేడికి ఇనుము పెరిగి సందు మూసుకుంటుంది, అందుకే చప్పుడు ఆగుతుంది.

మొదట్లో గాస్కెట్ బదులు షీటు కోసి చేసిన ప్యాకింగులే వేసేవాళ్లం. ఒక సీజన్ ఆగితే గొప్ప. మధ్యలో ఎవరో పేస్టు పూయమన్నారు, అది ఘాట్ దిగేలోపే పొడిపొడిగా రాలిపోయింది. పగులు వస్తే వెల్డింగ్ కూడా చేయించాం. పోత ఇనుముకి ముందు బాగా వేడి పెట్టి, నికెల్ రాడ్‌తో కొట్టి, తర్వాత ఇసకలోనో సున్నంలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. రోడ్డు పక్కన హడావుడిగా కొట్టిన వెల్డింగ్ అతుకు పక్కనే మళ్లీ విచ్చుకుంది.

చివరికి పాలకొల్లులో బోటు ఇంజిన్ల పని చేసే ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాం. పెద్దాయన మానిఫోల్డ్‌ని బల్ల మీద బోర్లించి, స్టీలు పట్టీ ఆనించి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చి చూశాడు. చివర్లో 0.40 మిల్లీమీటర్ల బ్లేడు సులువుగా దూరిపోయింది. "ప్యాకింగుదేం తప్పండీ? ఫేసు వంకరగా ఉంటే బంగారంతో చేసినదేసినా ఆగదండి" అన్నాడు.

మూర పొడవు మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. హెడ్‌లో నీళ్లు తిరుగుతాయి కాబట్టి అది ఒక మిల్లీమీటరు కూడా సాగదు. ఈ తేడా అంతా పడేది చివరి స్టడ్ల (హెడ్‌లోకి బిగించి, బయటి కొసకి నట్టు వేసే మరల కడ్డీలు) మీదే. అవి తెగడమో, లేదంటే మానిఫోల్డే పగలడమో ఖాయం. అందుకే పెద్దాయన ఫేసింగ్ కొట్టడంతో (హెడ్‌కి ఆనే ముఖాన్ని చదును చేయడంతో) ఆగలేదు, చివరి బెజ్జాలని 8 మిల్లీమీటర్ల స్టడ్‌కి 10 దాకా తొలిచి మానిఫోల్డ్ జరగడానికి చోటిచ్చాడు. నా లెక్కలో అసలు రిపేరు అదే.

తెగిన స్టడ్లు తీయడానికే రోజంతా పట్టింది. ముక్క మీద నట్టు పెట్టి, లోపల వెల్డింగ్ కొట్టి, ఆ వేడి మీదే అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పితే ఒకటి కిర్రుమంటూ వచ్చేసింది. రెండోది మొండికేసింది. డ్రిల్ బిట్ ఏమాత్రం పక్కకి జరిగినా మెత్తటి అల్యూమినియంలోకే పోతుంది కాబట్టి ముందు ముక్కని ఫైలుతో చదును చేసి, నడిమధ్యన పంచ్ కొట్టి, సన్నటి బిట్‌తో మొదలుపెట్టి తొలిచారు. చివరికి హెలికాయిల్ (పాడైన మర బెజ్జంలో కొత్త మర కోసం వేసే తీగ చుట్ట) వేయాల్సి వచ్చింది.

బిగింపులో రెండు మాటలు. నైలాన్ రింగున్న లాక్ నట్లు ఇక్కడ పనికిరావు, ఆ వేడికి నైలాన్ కరిగిపోతుంది. పూర్తి లోహం లాక్ నట్లే వేయాలి. టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి చివరలకి, రెండు మూడు విడతల్లో బిగించాలి. బలముంది కదాని చివరి నట్లని లాగేస్తే బెజ్జాలు తొలిచిన లాభం పోతుంది. టర్బో కింద సపోర్ట్ బ్రాకెట్ ఎవరో ఎప్పుడో విప్పి మళ్లీ పెట్టలేదు. అది కూడా చేయించి పెట్టాం. లేకపోతే టర్బో బరువూ సైలెన్సర్ పైపు ఊపూ మానిఫోల్డ్ మీదే పడతాయి.

వేడి ఆపుతుందని చుట్టిన టేపు మాత్రం పీకేశాను. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి అది చెమ్మ పట్టి లోపల ఇనుముని తినేస్తోంది. వరదల్లో లంక ఊళ్ల కాజ్‌వేల మీద నీళ్లుంటే ఇప్పుడు ఆగి, ఇంజిన్ చల్లారాకే దాటుతున్నాం. కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులు రావడానికి ఇంకేం కావాలి?

మా బండిలో ఇంజిన్ కవరు సగం క్యాబిన్ లోపలికి ఉంటుంది. లీకుంటే పొగ పడుకునే చోటికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి రిపేరు అయినా అలారం తీయలేదు. మీకు లీకున్నా లేకపోయినా అది పెట్టించండి.

గాస్కెట్‌లో లోపాలు లేకపోలేదు. షీటు ప్యాకింగులా చిన్న వంకరని సర్దుకోదు, ఫేసింగ్ లేకుండా వేస్తే డబ్బులు దండగ. ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాదు. మా చుట్టుపక్కల స్పేర్ షాపుల్లో దొరకలేదు, విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించుకున్నాం. అందుకే ఇంకొకటి కొని, నాలుగు స్టడ్లూ నట్లూ కలిపి డ్రైవర్ సీటు కింద పెట్టుకున్నాను.