ఇన్సర్ట్ బాగానే మండింది, వారంటీయే అంటుకోలేదు

మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర మాది పాతకాలం ఇల్లు. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో మంట వేస్తే ఇల్లు వెచ్చబడకపోగా, గదిలో ఉన్న కాస్త వేడిగాలి కూడా చిమ్నీలోంచి పైకి పోతుంది. ఆ గూట్లోకి తోసి బిగించే ఉక్కు పొయ్యినే ఇన్సర్ట్ అంటారు. ముందు గాజు తలుపు, వేడిగాలిని గదిలోకి నెట్టే ఫ్యాను, పైన చిమ్నీ కొసదాకా ఆరంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, అంటే పొగ పోయే గొట్టం. మాది నాలుగు వందల పౌండ్ల పైమాటే.

2019 చివర్లో కొన్నాం. అప్పుడు డిస్కౌంట్లు బాగా ఇచ్చారు, దానికో కారణముంది. కట్టెల పొయ్యిల నుంచి వచ్చే పొగ రేణువుల పరిమితిని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ గంటకు 4.5 గ్రాముల నుంచి 2 గ్రాములకు తగ్గించింది. 2020 మే 15 దాటితే పాత ప్రమాణం మోడళ్ళు షాపుల్లో అమ్మడానికి లేదు. అందుకే డీలర్లు ఉన్న సరుకు వదిలించుకుంటున్నారు. మాకు దొరికింది అలాంటి మోడలే. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఆ తర్వాత నేను చదివిన వేరే కంపెనీల వారంటీ కాగితాల్లోనూ దాదాపు ఇవే షరతులున్నాయి కాబట్టి పేరుతో పెద్ద పనిలేదు.

వేడి విషయంలో వంక పెట్టలేను. 2022 చలికాలంలో హీటింగ్ ఆయిల్ గ్యాలన్ ఐదు డాలర్లు దాటినప్పుడు ఇదే మమ్మల్ని కాపాడింది. రాత్రి పడుకునే ముందు ఓక్ దుంగలు నింపి గాలి తగ్గిస్తే తెల్లారేసరికి ఇంకా నిప్పులుండేవి. ఒక్క లోపం మాత్రం ఎవరూ ముందు చెప్పరు. కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. పొయ్యి గోడలో ఉంటుంది కాబట్టి సగం వేడి ఇటుకలకే పోతుంది. మంచు తుఫానుల కోసమే కొనేవాళ్ళు గది మధ్యలో నిలబెట్టే స్టవ్ చూసుకోవడం మేలు.

కట్టెల సంగతి నాకంటే మా అత్తగారికి బాగా తెలుసు. సరుగుడు కట్టెలతో ఏళ్ళ తరబడి వండిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు రెండు దుంగలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి, "ఇవి ఇంకా పచ్చివే అమ్మాయ్, మోగడం లేదు" అన్నారు. చీల్చి తేమ కొలిచే మీటరు గుచ్చితే తేమ 28 శాతం చూపించింది. మాన్యువల్ అడిగేది 20 లోపు. "సీజన్డ్" (బాగా ఎండినవి) అని అమ్మినవాడి మాట నమ్మడం ఆ రోజుతో మానేశాం. అప్పటినుంచి మా ఆయన ప్రతి లోడుకీ మీటరు రీడింగ్ ఫొటో తీసి పెడుతున్నారు. అప్పుడు నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆ ఫొటోలే అక్కరకొచ్చాయి.

2023 మొదట్లో పొయ్యి మాట వినడం మానేసింది. గాలి లివరు పూర్తిగా మూసినా మంట తగ్గదు. తలుపు చుట్టూ ఉండే తాడు గాస్కెట్ అరిగిందేమోనని డాలర్ నోటు పెట్టి తలుపు మూసి లాగి చూశాం, ఊడి రాలేదు. అగరుబత్తి వెలిగించి తలుపు అంచుల వెంట తిప్పినా పొగ లోపలికి లాగలేదు. చిమ్నీ శుభ్రం చేసే ఆయన వచ్చి లోపలి ఇటుకలు, పైన మంటకు అడ్డంగా ఉండే బాఫిల్ పలక తీసి టార్చి వేస్తే, వెనక మూలలో వెల్డింగ్ వెంబడి సన్నటి పగులు కనిపించింది. గాలి అక్కడినుంచి దూరుతోంది. మంట వేయడం ఆ రోజే ఆపేశాం.

వారంటీ కాగితంలో ఫైర్‌బాక్స్‌కి, అంటే మంట మండే ఉక్కు పెట్టెకి, "లిమిటెడ్ లైఫ్‌టైమ్" అని ఉంది. ఇటుకలు, గాస్కెట్, గాజు, పెయింట్ అరిగిపోయే భాగాల కింద లెక్క, అవి ఎలాగూ రావు. లేబర్ మొదటి ఏడాదికే. వెల్డింగ్ పగలడం మాత్రం కవర్ అవుతుందని స్పష్టంగా ఉంది. సులువుగా తేలిపోతుందనుకున్నాం.

కంపెనీకి ఫోన్ చేస్తే క్లెయిమ్ డీలర్ ద్వారానే రావాలన్నారు. డీలర్ షాపు ఈలోగా చేతులు మారింది. కొత్త ఓనరు మర్యాదస్తుడే గానీ, "అది మేం అమ్మింది కాదండీ" అన్నాడు. ఎలాగో పంపించాక కంపెనీ జవాబు రెండు లైన్లలో వచ్చింది: పగులు ఓవర్‌ఫైరింగ్ వల్ల వచ్చింది, అంటే మేం అతిగా మండించాం, కాబట్టి వారంటీ వర్తించదు.

అసలు గొడవ ఇక్కడే. పగులులోంచి గాలి దూరితే మంట అదుపు తప్పుతుంది. మంట అదుపు తప్పితే ఉక్కు వంగి పగులుతుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. నిరూపించాల్సింది మాత్రం మనమే. ఎంత వేడి దాటితే ఓవర్‌ఫైరింగ్ అని అడిగితే, ఏ భాగమైనా ఎర్రగా మెరిస్తే అని మాన్యువల్ చూపించారు. మామూలు స్టవ్‌కైతే గొట్టం బయటికి కనిపిస్తుంది, దాని మీద అయస్కాంతం థర్మామీటరు అతికించుకోవచ్చు. ఇన్సర్ట్ గొట్టం గూట్లోనే దాక్కుంటుంది. కొలిచే చోటు ఇవ్వకుండా కొలత అడగడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

మా తరఫున మాట్లాడింది బాఫిలే. అతిగా మండితే ముందు వంగేది ఆ పలుచటి పలక, దాని కింద ఉండే గాలి గొట్టాలు. మావి తిన్నగా ఉన్నాయి. చిమ్నీ ఆయన స్కేలు పెట్టి ఫొటో తీసి, లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. దాంతో పాటు పొయ్యి బిగించడానికి తీసుకున్న టౌన్ పర్మిట్, ఏటేటా చిమ్నీ శుభ్రం చేయించిన రసీదులు, మీటరు ఫొటోలు అన్నీ పంపాం. కంపెనీ ఇంకా అడిగింది సీరియల్ నంబరు రేకు ఫొటో. మాది పొయ్యి పక్కన ఉంటుంది, గూట్లోకి తోశాక ఇక కనపడదు. బిగించే రోజే ఫొటో తీసుకోకపోతే దానికోసమే నాలుగు వందల పౌండ్లు బయటికి లాగాలి. మా అదృష్టం, బిగించిన రోజు మా అబ్బాయి సరదాగా తీసిన వీడియోలో అది కనిపించింది.

రెండో జవాబు ఇంకా చిత్రం. తప్పు మాదేనని ఒప్పుకోం గానీ, ఆ మోడల్ ఆపేశాం, ఆ ఫైర్‌బాక్స్ ఇక తయారు కాదు, తరుగు తీసేసి కొంత క్రెడిట్ ఇస్తాం అన్నారు. లైఫ్‌టైమ్ అంటే మన జీవితకాలం అనుకుంటాం, వాళ్ళ లెక్కలో అది మోడల్ జీవితకాలం.

అప్పుడు చట్టం చదివాను. 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ ఫెడరల్ చట్టం ప్రకారం రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీ, వస్తువు పనికొచ్చేలా ఉండాలన్న ఇంప్లైడ్ (రాయకపోయినా ఉన్నట్టే లెక్కపెట్టే) వారంటీని మొత్తానికి ఎగ్గొట్టలేదు. మసాచుసెట్స్ అయితే ఇంకా గట్టిది, ఇక్కడి వినియోగదారుల రక్షణ చట్టం, చాప్టర్ 93ఎ కింద డిమాండ్ లెటర్ (మనకేం కావాలో అడిగే నోటీసు) రాయొచ్చు. అవతలివాళ్ళకి 30 రోజులు టైముంటుంది. సరైన కారణం లేకుండా మొండికేస్తే కోర్టు నష్టపరిహారం రెండు మూడు రెట్లు వేయొచ్చు, లాయరు ఫీజు కూడా. 7,000 డాలర్ల లోపైతే చిన్న మొత్తాల కోర్టు, స్మాల్ క్లెయిమ్స్ ఉండనే ఉంది. లాయరు లేకుండానే ఒక పేజీ లెటర్ రాసి సర్టిఫైడ్ పోస్టులో పంపాం.

గడువు ముగిసేలోగా ఫోన్ వచ్చింది. అంతకుముందు రెండు లైన్లు రాసినవాళ్ళే ఈసారి చాలాసేపు మాట్లాడారు. కొత్త ప్రమాణం మోడల్ ఇచ్చారు, రవాణా వాళ్ళదే. లేబర్ మాత్రం ఇవ్వలేదు. పాతది లాగడం, గొట్టం నోరు వేరే చోట ఉండటంతో లైనర్ మళ్ళీ కలపడం, చుట్టూ ఉండే పలక కొత్తది కొనడం, అన్నీ మా జేబులోంచే. ఒప్పుకున్నాం. ఇంకో చలికాలం ఆయిల్ బిల్లు కట్టే ఓపిక లేదు.

వేడికి ఐదులో నాలుగున్నర మార్కులు. వారంటీకి ఒకటి, అదీ లెటర్ వెళ్ళాక చేసిన పనికి. ఈసారి బిగించిన డీలరు చేత, మొదటి ఐదేళ్ళు లాగి బిగించే ఖర్చు తనదేనని బిల్లు మీద రాయించుకున్నాం. అందుకు మూడు వందల డాలర్లు అదనంగా అడిగాడు. బేరమాడకుండా ఇచ్చాను.