పలాస జీడిపప్పు స్టార్టప్: సొంత యూనిట్టా, సొంత బ్రాండా?

ఉద్దానం కుర్రాళ్లు హైదరాబాద్ బస్సెక్కకుండా పలాస పప్పుతోనే స్టార్టప్ పెడుతున్నారంటే ముందు శభాష్ అనాలి. మరి ఏ దారి: జీడిపిక్కల్ని పప్పు చేసే సొంత యూనిట్టా, పప్పు కొని సొంత పేరుతో అమ్మే బ్రాండా?

ఖర్చు: యూనిట్‌కి బాయిలర్, కటింగ్ మెషీన్లు, డ్రయ్యర్, పైగా సీజన్లో జీడిపిక్కలు కొని నిల్వపెట్టాలి. బ్రాండ్‌కి పప్పు, ప్యాకింగ్, ఫుడ్ లైసెన్స్, కొరియర్.

సాయం: పల్లెలో యూనిట్‌కి పీఎంఈజీపీ (సొంత ఉపాధికి కేంద్రం ఇచ్చే పథకం) సబ్సిడీ జనరల్‌కి 25 శాతం, మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 35 శాతం, కానీ మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, చేతికొచ్చే డబ్బు అనుకోవద్దు.

రిస్క్: యూనిట్‌కి పిక్కల ధర. బ్రాండ్‌కి నాణ్యత, డబ్ల్యూ240 గ్రేడ్ పప్పని చెప్పి ఎవరో డబ్ల్యూ320 అంటగడితే (అంకె పెరిగితే పప్పు సైజు తగ్గినట్టే) తిట్లు మాత్రం మనకే.

ఇంట్లో జీడితోట, పని తెలిసినవాళ్లు ఉంటే యూనిట్. పెట్టుబడి తక్కువై, ఫోన్‌లో అమ్మే నేర్పుంటే బ్రాండ్.