కరోనా వేడికి కారణం అలలా, చిన్న పేలుళ్లా?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మా పర్లాకిమిడి పిల్లలు ట్యూషన్‌లో పట్టుబట్టి అడిగే ప్రశ్న ఇది. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలే కదా, దానిపైనున్న కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, పది లక్షల డిగ్రీలు ఎలా దాటుతుంది? దూరం పెరిగేకొద్దీ వేడి తగ్గాలి కదా!

జవాబులు ప్రధానంగా రెండు. రెండింటికీ మూలం అయస్కాంత క్షేత్రమే.

మొదటిది అలలు. అయస్కాంత క్షేత్ర రేఖల వెంట అలలు పాకుతాయని 1942లో భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్వెన్ చెప్పాడు. కరోనాలో అవి ఉన్నాయని తర్వాత పరిశీలనల్లో తేలింది. చిక్కల్లా అవి తమ శక్తిని అక్కడే వేడిగా ఎలా వదులుతాయన్నదే.

రెండోది నానోఫ్లేర్లు, అంటే చిన్న చిన్న పేలుళ్లు, 1988లో సౌర శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ వివరించినవి. కింద ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) నిత్యం కుతకుతలాడుతూ రేఖల మొదళ్లను అటూ ఇటూ లాగుతుంది. పైన రేఖలు జడపాయల్లా మెలిపడి, బిగిసి, చివరికి తెగి కొత్తగా అతుక్కుంటాయి. దాచుకున్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. ఒక్కోటి పెద్ద సౌరజ్వాలలో వంద కోట్లవ వంతు మాత్రమే, అందుకే విడివిడిగా పట్టుకోవడం కష్టం. అయినా సూర్యమచ్చల చుట్టూ ఉండే చురుకైన ప్రాంతాల్లో కోటి డిగ్రీలకు దగ్గరైన ప్లాస్మా ఆనవాళ్లు దొరికాయి. నన్ను ఒప్పించింది అదే.

సూర్యమచ్చల పైభాగంలో నా ఓటు నానోఫ్లేర్లకే. రేఖలు అంతరిక్షంలోకి తెరుచుకునే కరోనా రంధ్రాల్లో మాత్రం అలలకే. పిల్లలకు రెండూ చెబుతాను. సూర్యబింబాన్ని కప్పేసి, గ్రహణం లేకుండానే కరోనాను చూసే పరికరం మన ఆదిత్య ఎల్1లో ఉందని కూడా చెబుతాను.