నారా పక్కన కొండల్లో తొమ్మిదిమంది బుద్ధులు, ఒక లక్ష్మీదేవి

జపాన్‌లోని నారా వెళ్లినవాళ్లు చాలామంది తోదైజి గుడిలో పెద్ద బుద్ధుణ్ణి చూసి, జింకలకు బిస్కెట్లు పెట్టి, సాయంత్రానికి క్యోటో రైలెక్కేస్తారు. ఇంకొక్క రోజు మిగుల్చుకోగలిగితే మాత్రం జోరురిజి అనే బౌద్ధ గుడికి వెళ్లమంటాను. పేరుకు క్యోటో జిల్లాయే అయినా నారా నుంచే దగ్గర. జేఆర్ రైల్లో కామో స్టేషనుకు పావుగంట, అక్కడినుంచి చిన్న బస్సు. అది గంటకొకటి లెక్కన తిరుగుతుంది కాబట్టి దిగగానే తిరుగు బస్సు టైములు ఫోటో తీసి పెట్టుకోండి. చిల్లర నాణేలు కూడా దగ్గరుండాలి.

బస మాత్రం నారాలోనే. మొదట స్టేషను దగ్గర ఓ హోటల్లో దిగాం. గది అద్దంలా ఉంది కానీ, సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. శాకాహారమని ముందే చెప్పినా పొద్దున సూపులో చేప వాసన! మర్నాడే పాత ఇళ్లుండే నారామాచిలో వంటగది ఉన్న గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. అద్దె కాస్త ఎక్కువే, కానీ అమ్మ పులిహోర కలిపి ఇచ్చింది. ఆ కొండల్లో శాకాహారులకు అంతకు మించిన ఏర్పాటు లేదు.

కామో బస్సు జోరురిజికీ, దగ్గర్లోని గాన్సెన్‌జి గుడికీ వెళ్తుంది. అమ్మ, మా ఆవిడ నేరుగా జోరురిజికి పోయారు. నేను గాన్సెన్‌జిలో దిగాను. అక్కడ 946 నాటి అమితాభుడు (పశ్చిమ స్వర్గానికి అధిపతి అయిన బుద్ధుడు), 1442లో కట్టిన మూడంతస్తుల ఎర్ర గోపురం ఉన్నాయి. జూన్‌లో అయితే హైడ్రాంజియా పూల కోసం జనం వస్తారు. మిగతా రోజుల్లో అరగంట చాలు.

అసలు మజా అక్కడినుంచి జోరురిజికి నడిచే దారిలో ఉంది. ఎక్కువగా దిగుడే, ఆగుతూ వెళ్తే గంట పడుతుంది. దారి పొడవునా బండల మీద చెక్కిన బుద్ధులే. వాటిలో 1299లో చెక్కిన నవ్వే బుద్ధుడి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. తోదైజిని తిరిగి కట్టడానికి చైనా నుంచి వచ్చిన శిల్పుల వంశంవాడు చెక్కాడు. పైన చూరులా ఓ రాయి ఉండటం వల్లనేమో, ఏడు వందల ఏళ్ల వానలకు కూడా ఆ చిరునవ్వు చెరగలేదు. పక్కనే సగం మట్టిలో కూరుకుపోయిన జిజో, అంటే పిల్లల్ని, బాటసారుల్ని కాపాడే బోధిసత్వుడు. దారిలో అక్కడక్కడా కర్రలకు కూరగాయల, పచ్చళ్ల సంచులు వేలాడుతుంటాయి. అమ్మేవాళ్లు ఎవరూ ఉండరు. వంద యెన్ల నాణెం డబ్బాలో వేసి సంచి తీసుకోవడమే.

జోరురిజిలో మధ్యన చెరువు, తూర్పున గోపురం, పడమర పొడవాటి మందిరం. గోపురాన్ని 1178లో క్యోటో నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. లోపలి భైషజ్యగురువు (రోగాలు నయం చేసే బుద్ధుడు) దర్శనం ప్రతి నెలా 8వ తేదీన, ఇంకా కొన్ని ప్రత్యేక రోజుల్లో మాత్రమే, అదీ వాన లేకపోతేనే. ముందు ఆయనకు దండం పెట్టి, వెనక్కి తిరిగి చెరువు మీదుగా అమితాభుణ్ణి చూడటం ఇక్కడి పద్ధతి. 1107లో కట్టిన ఆ మందిరంలో తొమ్మిదిమంది అమితాభులు వరసగా కూర్చుని ఉంటారు. అప్పటి దొరలు ఇలాంటివి చాలానే కట్టించారు, నిలిచింది మాత్రం ఇదొక్కటే. లోపల ఫోటోలు తీయనివ్వరు. నేల చల్లగా ఉంటుంది, మందపాటి సాక్సులు వేసుకోండి.

ఇక కిచిజోతెన్. ఎవరో కాదు, మన లక్ష్మీదేవే. మూడడుగుల చెక్క విగ్రహం, ఎడమ చేతిలో మణి, తెల్లటి ముఖం, ఎర్రటి పెదవులు. ఎనిమిది వందల ఏళ్ల రంగులు ఇంకా కనిపిస్తున్నాయి. అమ్మ అక్కడే లక్ష్మీ అష్టోత్తరం మొదలుపెట్టింది, అదీ పైకే! పక్కనున్న జపాన్ పెద్దావిడ కూడా చేతులు జోడించింది. ఈ దర్శనం జనవరి 1-15, మార్చి 21-మే 20, అక్టోబరు 1-నవంబరు 30 తేదీల్లోనే. టికెట్లు బుక్ చేసుకునే ముందే ఇది చూసుకోండి.

రెండు గుళ్ల ప్రవేశానికి కలిపి మనిషికి వెయ్యి యెన్లు పెట్టుకుంటే సుమారుగా సరిపోతుంది. ఒకటే చూడగలమంటే జోరురిజి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడక జోలికి పోకుండా అమ్మలాగా బస్సులోనే వెళ్లడం మంచిది. గుడి దగ్గరే దించుతుంది.