దు ఫూనా, అఖ్మతోవానా: ముందు ఎవర్ని చదవాలి?

చైనా కవిత్వమంటే లీ బాయ్‌తో, రష్యన్ కవిత్వమంటే పుష్కిన్‌తో మొదలుపెట్టమంటారు. మంచి సలహానే. కానీ దేశం కష్టంలో ఉన్నప్పుడు కవి ఏం చేయగలడో చూడాలనుకునేవాళ్లకి నేను వేరే ఇద్దరి పేర్లు చెబుతాను: దు ఫూ, అన్నా అఖ్మతోవా. ఒకరు 712లో పుట్టారు, ఇంకొకరు 1889లో. ఇద్దరి గొప్ప కవితల వెనుకా ఉన్నది కన్నకొడుకు.

దు ఫూ కొలువు పరీక్షల్లో రెండుసార్లు తప్పాడు. రాజధాని చాంగాన్‌లో ఏళ్ల తరబడి పెద్దవాళ్ల గుమ్మాలు ఎక్కి దిగితే, 755లో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. ఆ చలికాలంలోనే ఫెంగ్షియన్‌లో ఉన్న భార్యాపిల్లల్ని చూడటానికి బయల్దేరాడు. దారిలో లీషాన్ కొండ మీద చక్రవర్తి విడిది, విందులు. ఇంటి గుమ్మం దాటుతుంటే లోపల ఏడుపులు. పసివాడు ఆకలితో పోయాడు.

ఆ ప్రయాణం మీద ఐదు వందల అక్షరాల కవిత రాశాడు. సంపన్నుల ఎర్ర తలుపుల వెనుక మద్యం, మాంసం మురిగిపోతుంటే దారిలో చలికి చచ్చినవాళ్ల ఎముకలు పడున్నాయన్న మాట అందులోదే. చైనాలో బడికి వెళ్లిన ప్రతివాళ్లకీ అది తెలుసు. నన్ను కదిలించింది మాత్రం కవిత చివరి భాగం. నాకు పన్నులు లేవు, నన్ను సైన్యంలోకి లాక్కుపోరు, అయినా నా బతుకు ఇలా ఉంటే మామూలు జనం గతి ఏమిటి అంటాడు. బిడ్డ పోయిన దుఃఖంలో అతనికి బతుకుతెరువు పోయినవాళ్లూ, దూరాన సరిహద్దు కాసే సైనికులూ గుర్తొచ్చారు. అదే చలికాలంలో సేనాని ఆన్ లుషాన్ చక్రవర్తి మీద తిరుగుబాటు మొదలుపెట్టి, దేశం అల్లకల్లోలమైంది.

అఖ్మతోవా కథలో ఆకలి కాదు, జైలు గోడ. మొదటి భర్త, కవి గుమిల్యోవ్‌ను 1921లో సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది. కొడుకు లేవ్‌ను స్టాలిన్ పాలనలో, 1938లో మళ్లీ అరెస్టు చేశారు. పదిహేడు నెలలు ఆమె లెనిన్‌గ్రాడ్ జైళ్ల ముందు క్యూలో నిలబడింది. ఒకరోజు వెనకున్న, చలికి పెదాలు నీలమైన ఒక స్త్రీ చెవిలో అడిగిందట, దీన్ని నువ్వు రాయగలవా అని. రాయగలను అంది అఖ్మతోవా. అదే ఆమె కావ్యం ‘రెక్వియం’ (పోయినవాళ్ల కోసం శోకగీతం) ముందుమాట.

రాసింది కానీ, దొరికితే ప్రమాదమని కాగితం మీద ఉంచలేకపోయింది. స్నేహితురాలు లిడియా చుకోవ్‌స్కయా వస్తే, పైకి ఏదో మామూలు మాట మాట్లాడుతూనే చిన్న కాగితం మీద పాదాలు రాసిచ్చేది. లిడియా కంఠస్థం చేశాక అఖ్మతోవా ఆ కాగితాన్ని యాష్‌ట్రేలో కాల్చేసేది. ఆ కావ్యం చాలా ఏళ్లు కొందరు మనుషుల జ్ఞాపకంలోనే బతికింది. 1963లో మ్యూనిక్‌లో అచ్చయింది, సోవియట్ దేశంలో 1987లో. అఖ్మతోవా 1966లోనే పోయింది. మన విశాలాంధ్ర కొట్లలో సోవియట్ పుస్తకాలు చవగ్గా దొరికిన రోజులు తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ దశాబ్దాల్లో చాలాకాలం ఈ కావ్యం సొంత దేశంలోనే అచ్చుకి నోచుకోలేదు.

ఇక పోల్చి చూద్దాం. ఇతరుల బాధకి ఎవరు దగ్గర? ఇక్కడ నా ఓటు అఖ్మతోవాకే. దు ఫూ 759లో షిహావ్ అనే ఊళ్లో రాత్రి బస చేస్తాడు. మనుషుల్ని సైన్యంలోకి పట్టుకుపోయే అధికారి వస్తాడు. ముసలాయన గోడ దూకి పారిపోతాడు. ముగ్గురు కొడుకుల్ని యుద్ధానికి పంపి అప్పటికే ఇద్దర్ని పోగొట్టుకున్న ముసలమ్మ, నేనొచ్చి సైనికులకి వండిపెడతానని వెళ్లిపోతుంది. కవి లోపలే ఉండి అంతా వింటాడు, పొద్దున్నే ముసలాయన ఒక్కడి దగ్గరే సెలవు తీసుకుంటాడు. కవితలో తన మాటంటూ ఒక్కటీ లేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అఖ్మతోవా అలా పక్కన ఉండి విన్న మనిషి కాదు, క్యూలో వాళ్లలో ఒకతె. నాకు విగ్రహం పెట్టాలనుకుంటే మూడు వందల గంటలు నిలబడ్డ ఈ జైలు గోడ దగ్గరే పెట్టండని రాసింది. 2006లో ఆ క్రెస్తీ జైలుకి ఎదురుగా, నది ఇవతలి ఒడ్డున పెట్టారు.

అనువాదంలో ఎవరు నిలబడతారు అంటే మాత్రం దు ఫూ. నేను ఇద్దర్నీ ఇంగ్లీషులోనే చదివాను. అఖ్మతోవా పద్యానికి ప్రాణం ఛందస్సు, అంత్యప్రాస. అవి పోతే చాలా పోతుంది. దు ఫూ చైనీస్ స్వరాలు కూడా పోతాయి, కానీ బొమ్మ మిగులుతుంది. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న చాంగాన్‌లో 757లో రాసిన నలభై అక్షరాల కవితలో, ఇంటి నుంచి వచ్చే ఉత్తరం పదివేల బంగారు నాణేలంత విలువైనది అంటాడు. గల్ఫ్‌లో మనవాళ్లు ఉన్న ఇంట్లో దీనికి వివరణ అక్కర్లేదు.

పైగా దు ఫూవి సుమారు 1,400 కవితలు మిగిలాయి. కష్టాల తర్వాత చెంగ్డూలో గడ్డి ఇల్లు వేసుకున్నాక, భార్య కాగితం మీద చదరంగం గళ్లు గీయడం, పిల్లవాడు సూదిని వంచి గాలం చేసుకోవడం కూడా రాశాడు. ‘రెక్వియం’లో ఊపిరి పీల్చుకునే చోటు దాదాపు ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు.

అన్నట్టు, సొంత కవిత్వం అచ్చవడం కష్టమైన కాలంలో అఖ్మతోవా ప్రాచీన చైనా కవి చూ యువాన్‌ని రష్యన్‌లోకి తెచ్చింది. గుమిల్యోవ్ కూడా 1918లో చైనా కవితల ఆధారంగా ఒక పుస్తకం వేశాడు. ఈ రెండు లోకాల మధ్య దారి వాళ్లే వేసి పెట్టారు.

కాబట్టి ముందు దు ఫూ. షిహావ్ కవితతో మొదలుపెట్టి, వారానికి రెండో మూడో చదవండి. ‘రెక్వియం’కి మాత్రం ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, ముందుమాటతో సహా ఒకే విడతలో చదవండి.