గొడ్డలి వెనుక ముఖంపై గళ్లు: ముక్కోణపు ఆకురాయా, వరుస గీతల ఆకురాయా?

అమెరికాలో పైకప్పుకు చెక్క పెంకులు వేసే వడ్రంగుల చిన్న గొడ్డలికి వెనుక వైపు సుత్తి ముఖం ఉంటుంది; మేకు తలపై దెబ్బ జారకుండా దానిపై గళ్లు ఉంటాయి. అవి అరిగినప్పుడు చేత్తో దిద్దుకోవడానికి రెండు దారులున్నాయి.

ముక్కోణపు ఆకురాయి ఒకసారికి ఒక్క గాడినే తీస్తుంది. దాని అంచు 60 డిగ్రీల కోణంలో ఉంటుంది కనుక, అడ్డంగానూ నిలువుగానూ గాళ్లు పూర్తయ్యాక వాటి మధ్య మొనదేలిన చిన్న చిన్న దిమ్మెలు మిగులుతాయి. మొదటి గాడి వంకరపోతే తక్కినవన్నీ దాని వెంటే పోతాయి కాబట్టి, ముందుగా హ్యాక్సాతో సన్నని గీత పెట్టుకోవడం మేలు. గళ్ల మధ్య ఎడం మాత్రం పూర్తిగా మన ఇష్టం.

తుపాకులు బాగుచేసేవారు వాడే వరుస గీతల ఆకురాయి పలు సమాంతర గాళ్లను ఒకేసారి తీస్తుంది, వాటి మధ్య ఎడం కూడా మారదు. అయితే అంగుళానికి 20, 30 గీతలు పడే ఆ సన్నని గళ్లు చేతిపట్టుకు సరిపోతాయే గాని, మేకు దెబ్బలకు త్వరగా అణిగిపోతాయి. నేనైతే శ్రమ ఎక్కువైనా ముక్కోణపుదే ఎంచుకుంటాను.

ఏది వాడినా, ఆకురాయి కొరకక జారిపోతుంటే ఆ ఉక్కు గట్టిపరచినదని గ్రహించి పని ఆపాలి. లేకుంటే అరిగేది ఆకురాయి పళ్లే.